ఇంజిన్ వేడెక్కితే నేను ముందు చూసేది రేడియేటర్ మూతే

ఇంజిన్ పదే పదే వేడెక్కుతుంటే రేడియేటర్ మార్చక తప్పదా, లోపం ఎక్కడుందో ఇంట్లోనే కనిపెట్టవచ్చా అని మీరు అడిగారు. తప్పకుండా కనిపెట్టవచ్చు. బండి ఎప్పుడు వేడెక్కుతోందో, ఎప్పుడు చల్లబడుతోందో రోజూ చూస్తున్నది మీరే కాబట్టి, ఈ విషయంలో మెకానిక్ కంటే మీ మాటకే విలువ ఎక్కువని నా గట్టి నమ్మకం.

నా పాత కారు చదును రోడ్డుపై బాగానే నడిచి, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిన్ వేడిని చూపే ముల్లును ఎర్ర గీత దాకా తీసుకువెళ్లేది. మొదట చూసిన మెకానిక్, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) రేడియేటర్‌కు వెళ్లే దారిని వేడిని బట్టి తెరిచి మూసే థర్మోస్టాట్‌ను ఊడదీసి, అది లేకపోతేనే ఇంజిన్ చల్లగా ఉంటుందని చెప్పి పంపించాడు. సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునే ఆ వాల్వును పారేస్తే ఇంజిన్ తగినంత వేడెక్కడానికి చాలాసేపు పట్టి ఇంధనం వృథా అవుతుందే తప్ప అసలు జబ్బు నయం కాదు. అయినా ఈ నాటు వైద్యం ఇంకా చెలామణీలోనే ఉంది. రెండో మెకానిక్ రేడియేటర్ కడిగించాడు. ముల్లు మళ్లీ ఎర్ర గీత దగ్గరకే చేరింది.

ఒక ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు (వేడి మీద మూత తిప్పితే మరిగే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది) నేనే రేడియేటర్ మూత తీసి చూశాను. లోపల కూలెంట్ బాగా తగ్గిపోయి ఉంది, పక్కనున్న రిజర్వ్ సీసా మాత్రం అంచు దాకా నిండి ఉంది. నేల మీద ఒక్క చుక్క కూడా లేదు. మూతను తిరగేస్తే రబ్బరు వాషరు ఎండి పగిలి ఉంది, మధ్యలోని చిన్న వాల్వు తుప్పుతో బిగుసుకుపోయింది. మూత చుట్టూ పేరుకునే తెల్లని పొడిని దుమ్మనుకుని వారం వారం తుడిచింది నేనే.

సగం నీళ్లు, సగం గ్లైకాల్ (మరుగు స్థానాన్ని పెంచే రసాయనం) కలిపిన కూలెంట్ మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మూత 1.1 బార్ పీడనాన్ని నిలబెడితే 120 డిగ్రీలు దాటినా మరగదు. వాషరు పాడైతే ఆ పీడనం నిలవక కూలెంట్ ముందే సీసాలోకి పొంగిపోతుంది, చల్లబడ్డాక దాన్ని వెనక్కి రానివ్వవలసిన వాల్వు బిగుసుకుపోవడంతో అక్కడే ఉండిపోతుంది. పాత మూత మీద ముద్రించిన పీడనమే ఉన్న కొత్త మూత పెట్టి, కూలెంట్ నింపి, హీటరు పూర్తిగా తెరిచి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపించాను. తరువాతి ఎత్తులో ముల్లు మధ్యలోనే నిలిచింది.

మీ బండి ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగం పుంజుకోగానే చల్లబడుతుంటే ఫ్యాన్‌ను అనుమానించండి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి, అలా తిరిగితే మోటారు బాగున్నట్టే, వేడిని గుర్తించి ఫ్యాన్‌ను నడిపించే సెన్సారు వైపు చూడాలి. వేగంలోనే వేడెక్కితే రేడియేటర్ పూడికనో, కూలెంట్‌ను తిప్పే పంపునో చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడినా, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండవచ్చు. అది ఇంటి పని కాదు.

కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి రేడియేటర్‌ను సున్నపు పొలుసులతో నింపుకునే వారి గురించి రాయడం మొదలుపెడితే ఇంకో పేజీ పడుతుంది. ఆ థర్మోస్టాట్‌ను మాత్రం తిరిగి పెట్టించాను. అదృష్టవశాత్తు డిక్కీలో గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను.