మంత్రి ఫోన్ చేస్తే కాంపిటీషన్ కమిషన్ మాట వినదా?

"పేరుకే స్వతంత్ర సంస్థ, మంత్రి ఒక్క ఫోన్ చేస్తే సరిపోదా?" అని, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ గురించి ఒకరు అడిగారు. కంపెనీల విలీనాలకు కమిషన్ అనుమతి తెచ్చే లాయర్ల బృందంలో కొన్నేళ్లు పనిచేశాను. కొందరు క్లయింట్లు మొదటి మీటింగ్‌లోనే "పైన మనవాళ్లెవరైనా ఉన్నారా?" అని వాకబు చేసేవారు.

నేను చూసినంతలో ఫోన్‌తో పని జరగడం కష్టం. ఫైల్లో మార్కెట్ వాటాల లెక్కలుంటాయి, ప్రత్యర్థుల అభ్యంతరాలుంటాయి. ఈ డీల్ అయితే రేట్లు పెంచుకోవచ్చని కంపెనీవాళ్లు తమలో తాము రాసుకున్న ఈమెయిళ్లూ ఒక్కోసారి బయటపడతాయి. వాటిని పక్కనపెట్టి సరేనంటే ప్రత్యర్థి అప్పీలుకు వెళ్తాడు. అక్కడ ఆర్డర్‌లోని ప్రతి పేరాకీ జవాబు చెప్పుకోవాలి.

అసలు పట్టు కుర్చీల దగ్గర, అంటే నియామకాల దగ్గరుంటుంది. భారత్‌లో 2022 అక్టోబరులో ఛైర్‌పర్సన్ పదవీకాలం ముగిశాక కమిషన్‌లో ఇద్దరే మిగిలారు. కోరానికి, అంటే నిర్ణయం చెల్లడానికి, కనీసం ముగ్గురుండాలి. దాంతో విలీనాల అనుమతులు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో ఆ ఇద్దరితోనే మళ్లీ మొదలెట్టారు, కొత్త ఛైర్‌పర్సన్ వచ్చేసరికి మే అయింది. ఇందులో కుట్ర ఉందని నేననను, ఉత్త అలసత్వమే కావచ్చు. కానీ ఎవరికీ ఫోన్ చేయకుండానే కమిషన్‌ను పడుకోబెట్టొచ్చని అప్పుడు అర్థమైంది. బ్రిటన్‌లో ఇంత డొంకతిరుగుడు కూడా లేదు: 2025 జనవరిలో ఆర్థిక వృద్ధి పేరు చెప్పి ప్రభుత్వం అక్కడి కాంపిటీషన్ సంస్థ ఛైర్మన్‌ను తప్పించి, అమెజాన్ బ్రిటన్ శాఖ మాజీ అధిపతిని తాత్కాలికంగా కూర్చోబెట్టింది.

చాలామంది ఒప్పుకోరు గానీ, నాకు జర్మనీ పద్ధతి నయమనిపిస్తుంది. అక్కడ కార్టెల్ ఆఫీస్ (మన కమిషన్ లాంటిదే) వద్దన్న విలీనాన్ని మంత్రి అనుమతించొచ్చు, కానీ కారణాలు రాసి, తన పేరు మీద. కైజర్స్ టెంగెల్‌మన్ సూపర్ మార్కెట్లను ఎడెకా కొనడాన్ని 2015లో ఆఫీస్ అడ్డుకుంది. ఉద్యోగాలు నిలబడాలంటూ మంత్రి జిగ్మార్ గాబ్రియెల్ 2016 మార్చిలో అనుమతిచ్చారు. వద్దని సలహా ఇచ్చిన గుత్తాధిపత్య కమిషన్ (ప్రభుత్వానికి సలహాలిచ్చే వేరే సంస్థ) అధ్యక్షుడు నిరసనగా రాజీనామా చేశారు. జులైలో డ్యూసెల్‌డోర్ఫ్ కోర్టు ఆ అనుమతిని నిలిపేసింది. రాతపూర్వకంగా ఉంది కాబట్టే కోర్టు దాన్ని చదవగలిగింది.

అయినా చివరికి డీల్ జరిగిపోయింది లెండి. కేసు వేసిన ప్రత్యర్థి రేవే, కొన్ని షాపులు తనకు వచ్చేలా మాట్లాడుకుని కేసు వెనక్కి తీసుకుంది.