నాలుగొందల సీట్లలో మావాడికి ఒకటి దొరుకుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ, గుణదల. మా అబ్బాయి టెన్త్ పాసయ్యాడు. సైనిక అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకే (ఎన్డీఏ) వెళ్తానని పట్టుబట్టాడు. దేశం మొత్తానికీ నాలుగొందల సీట్లేనట. మన రాష్ట్రానికి కోటా ఉందా? ఇంటర్‌తో పాటు ఎన్డీఏ కోచింగ్ ఇస్తామంటున్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఫీజు లక్షల్లో ఉంది. అందులో చేర్చాలా, బీటెక్ అయ్యాక డిగ్రీవాళ్లకుండే సైనికాధికారుల పరీక్ష సీడీఎస్ రాయించాలా? రెండేళ్లు వృథా అవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, కోటా లేదు. ఏ రాష్ట్రానికీ లేదు, కులాలవారీ రిజర్వేషన్ కూడా లేదు. కాకపోతే ఆ నాలుగొందలు ఏడాది మొత్తానికి కాదు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది, ప్రతిసారీ సుమారు 400 ఖాళీలుంటాయి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్డీఏకి 370: ఆర్మీ 208, ఎయిర్‌ఫోర్స్ 120, నేవీ 42. మిగిలినవి కేరళలోని ఎళిమల నావల్ అకాడమీవి.

ఎంసెట్ ర్యాంకుల లెక్కకు అలవాటుపడిన మనకు ఆ అంకె గుండెల్లో దడ పుట్టిస్తుంది. కానీ ఇక్కడ రాతపరీక్షకు 900 మార్కులైతే, ఆ తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఐదు రోజులు పెట్టే ఇంటర్వ్యూకి మరో 900. ఆ ఐదు రోజుల్లో పక్కవాడిని తోసేసి ముందుకెళ్లడం ఉండదు. అధికారికి కావలసిన లక్షణాలు మీవాడిలో ఉన్నాయా లేదా అన్నదే చూస్తారు. ఒక బ్యాచ్‌లో ఐదారుగురు ఎంపిక కావచ్చు, ఒక్కరూ కాకపోనూవచ్చు. మెరిట్ లిస్టు, సీట్ల లెక్క ఆ తర్వాతి సంగతి.

ఆ కాలేజీ విషయంలో మాత్రం నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. లెక్కలు, జీకే వాళ్లు బాగానే చెప్పవచ్చు. ఎస్‌ఎస్‌బీ సంగతేమిటి? అరవై మాటలు ఒక్కొక్కటి పదిహేను సెకన్లు చూపిస్తారు, తట్టింది వెంటనే రాయాలి. సైకాలజిస్టు, ఇంటర్వ్యూ చేసే అధికారి, గ్రౌండ్‌లో ఆడించే జీటీఓ ముగ్గురూ ఎవరి అంచనా వారు విడిగా వేస్తారు. బట్టీపట్టిన జవాబులు ఆ మూడు చోట్లా ఒకేలా నిలబడవు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లవాడికి ఆటెక్కడ, పదిమందిలో మాట్లాడే అలవాటెక్కడ?

ఇంకోటి, కోపగించుకోకండి. రేపు ముప్పైమంది జవాన్లను నడిపించాల్సినవాడికి నేటికీ బస్ టికెట్ మీరే కొంటున్నారా? స్నేహితులతో ప్రకాశం బ్యారేజ్ దాకా సైకిల్ మీద వెళ్తానంటే వద్దంటున్నారా? అలాగైతే లక్షలు పోసినా లాభం లేదు. ఇంటి పనులు కొన్ని వాడికే వదిలేయండి, తప్పు చేస్తే చేయనివ్వండి. రోజూ ఇంగ్లిష్ పేపర్ చదివించి, చదివింది రాత్రి భోజనాల దగ్గర ఇంగ్లిష్‌లోనే చెప్పమనండి.

రెండేళ్లు వృథా అన్న మాట మనసులోంచి తీసేయండి. ఎంపీసీలో చేర్చండి. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి కాబట్టి రెండు మూడుసార్లయినా రాయవచ్చు. రాకపోతే, ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ రాసి ఉంటే ఆర్మీ టెక్నికల్ ఎంట్రీకి అప్లై చేయవచ్చు, దానికి వేరే రాతపరీక్ష లేదు. అదీ కాకపోతే డిగ్రీ తర్వాత సీడీఎస్, ఎయిర్‌ఫోర్స్ అధికారుల పరీక్ష ఎఫ్‌క్యాట్ ఉన్నాయి. ఎన్డీఏనా, సీడీఎస్సా అని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఒకటి తప్పితే రెండోది ఎలాగూ ఉంది. ఎస్‌ఎస్‌బీలో ఒకసారి పోయినవాళ్లు మళ్లీ వెళ్లి ఎంపికవడం మామూలే.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. కంటి డాక్టరుకు చూపించి సైటుతో పాటు రంగులు గుర్తించే పరీక్ష కూడా చేయించండి. రంగులు సరిగా తెలియకపోతే ఫ్లయింగ్ కుదరదు. పైలట్ కావాలన్నదే వాడి కోరికైతే, ఆ సంగతి ఇంటర్ మొదలవకముందే తెలియాలి.