మంచుకాటు వేళ్లకు కుంపటి సెగ వద్దు

ప్రశ్న: సైన్యంలో పనిచేస్తున్న మా తమ్ముడికి లద్దాఖ్‌లో మంచుకాటు తగిలింది. అక్కడ చికిత్స చేసి, సెలవుపై ఇంటికి పంపారు. ఎడమకాలి రెండు వేళ్ల కొసలు నల్లబడి ఎండిపోయాయి. కుంపటి సెగ చూపించి, కర్పూరం వేసిన కొబ్బరినూనెతో మర్దన చేద్దామని అమ్మ అంటోంది. పైకి పాకకముందే వేళ్లు తీయించేయమని మామయ్య తొందరపెడుతున్నాడు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రెండూ వద్దు. స్పర్శ లేని వేలికి సెగ తగిలితే కాలుతున్న సంగతే మీ తమ్ముడికి తెలియదు. మర్దన వల్ల బతికివున్న కణజాలం కూడా దెబ్బతింటుంది.

కోత విషయంలో మీ మామయ్య భయం సహజమే గానీ, పొడిగా ఎండిన నలుపు దానంతటది పైకి పాకదు. చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య గీత స్పష్టపడటానికి సాధారణంగా 1 నుంచి 3 నెలలు పడుతుంది కాబట్టి, తొందరపడి కోస్తే నిలబడగలిగిన వేలు కూడా పోతుంది. అయితే చీము, దుర్వాసన, జ్వరం, పాదం మీదికి ఎగబాకే ఎరుపు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంతవరకు వేళ్ల మధ్య పొడి దూది ఉంచి, వదులు చెప్పులు వేయించండి. సిగరెట్, చుట్ట, ఖైనీ పూర్తిగా మాన్పించండి. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది.

మన జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్లేవారు ఎక్కువ గనుక, మంచుకాటు తగిలిన చోట చేయవలసిందీ చెబుతాను. తడి మేజోళ్లు, బూట్లు తీసేసి, 37–39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో, చల్లారకుండా చూసుకుంటూ, చర్మం ఎర్రబడి మెత్తబడేదాకా సుమారు అరగంట ఉంచాలి. నొప్పి తీవ్రంగానే ఉంటుంది. కానీ దారిలో మళ్లీ గడ్డకట్టే ప్రమాదముంటే అసలు కరిగించకూడదు, ఎందుకంటే రెండోసారి గడ్డకడితే నష్టం మరింత పెరుగుతుంది. గాయం తీవ్రమైతే రక్తపు గడ్డలను కరిగించే మందును 24 గంటల్లోపు ఇవ్వాలి. రక్తనాళాలను విప్పార్చే ఐలోప్రాస్ట్ అనే మందును (2024లో అమెరికా ఆమోదించింది) 72 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు. మీ తమ్ముడి విషయంలో ఆ గడువు దాటింది.

డిశ్చార్జి కాగితాలతో విశాఖలోని నౌకాదళ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణిలో చూపించండి. ధనుర్వాతం టీకా వేశారో లేదో అడగండి. చలికి ఆ వేళ్లు ఏళ్ల తరబడి సులువుగా తిమ్మిరెక్కవచ్చు కాబట్టి, మళ్లీ మంచు ప్రాంతంలో విధులకు పంపాలా వద్దా అన్నది సైనిక వైద్యులే తేల్చాలి.