ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో రూము దొరికింది, చుట్టూ అంతా పాకిస్తానీలే, ఏం చేయాలన్నా?

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివినా. రూము మానింగమ్ సైడు, ఓనరు పాకిస్తానీ, పక్కిల్లు పాకిస్తానీ, ఎదురిల్లు పాకిస్తానీ, అమ్మ భయపడతా ఉంది, సేఫేనా అన్నావు. సేఫే. ఈ ఊర్లో నలుగురిలో ఒకరు ఆ మూలాలున్నోళ్లే, తప్పించుకోవాలంటే ఊరే మార్చాల. వీసా, డాక్టరు దగ్గర రిజిస్ట్రేషన్, స్టూడెంట్లకి కౌన్సిల్ టాక్స్ మినహాయింపు, ఇంటి డిపాజిట్ ఇవన్నీ గవర్నమెంట్ వెబ్‌సైట్లో ఉంటాయి చూసుకో, అది కూడా నేనే చెప్పాలంటే ఎట్ల. నువ్వు అడగనిది ఒకటుంది, అది చెప్తా. ఇక్కడ మనుషుల్ని తినేది పాకిస్తానీలు కాదు, ఒంటరితనం.

నేను 2010 సెప్టెంబర్‌లో దిగినా. మాది నందికొట్కూరు పక్కన పల్లె. నీకున్న భయమే నాకూ, ఇంకా రెండింతలు. పక్కింట్లో ఒక పెద్దామె ఉండేది, సల్వార్ కమీజు, దాని మీద లావుపాటి స్వెట్టరు. నవంబర్లో బక్రీద్ రోజు సాయంత్రం ప్లేటు మీద ఫాయిల్ కప్పి తెచ్చి తలుపు కొట్టింది. నేనేం చేసినా? లైటు ఆర్పేసి కర్టెన్ సందులోంచి చూస్తా నిలబడినా. ఆమె "బేటా, బేటా" అని రెండుసార్లు పిలిచి ప్లేటు మెట్టు మీద పెట్టి పోయింది. తెల్లారి చూస్తే వాన నీళ్లల్లో తేలతా అన్నం. బిన్నులో పోసి, ప్లేటు కడిగి, ఇచ్చే మొహం లేక కబోర్డులో దాచినా. ఆరు వారాలు దాచినా, నవ్వొద్దు.

ఆ డిసెంబరు ఇంగ్లండ్‌లో వందేళ్లలో ఎప్పుడూ లేనంత చలి. రూమ్మేట్లు లండన్ పోయినారు. క్రిస్మస్ రోజు ఇక్కడ బస్సులు తిరగవు, సూపర్ మార్కెట్లు మూత, రోడ్డు మీద కుక్క కూడా లేదు. మూడు రోజులు ఒక్క మనిషితో మాట్లాడలేదు. అమ్మకు ఫోన్ చేస్తే గొంతు పట్టేస్తుందని చేయలేదు. ఒకసారి కెటిల్‌ని "ఇంకా కాగలేదా నువ్వు" అని గట్టిగా తిట్టినా, ఆ మాట విని నాకే భయమేసింది.

పాలు అయిపోతే బయటికి పోయినా, సందు చివర చిన్న కొట్టు ఒక్కటే తెరిచుంది. కౌంటర్లో అంకుల్ "కహాఁ సే హో బేటా" అన్నాడు. హైదరాబాద్ అన్నా (ఇక్కడికొస్తే కర్నూలోడు కూడా హైదరాబాదోడే కదా). "అచ్ఛా, సింధ్ వాలా?" అన్నాడు, వాళ్లకి సింధ్‌లో ఒక హైదరాబాద్ ఉంది మరి. కాదంకుల్, ఇండియా వాలా అన్నా, నా గొంతు నాకే వినపడలేదు. ఆయన పాల క్యాను పక్కన పెట్టి, స్టూలు లాగి, కూర్చో అన్నాడు. వెనక గదిలోంచి దూద్ పత్తీ వచ్చింది, అంటే చుక్క నీళ్లు లేకుండా పాలల్లోనే టీ ఆకు వేసి మరిగించే చాయ్. రెండో కప్పుకి మా కర్నూలు ఉర్దూలో "నక్కో అంకుల్", అంటే వద్దు అని, అన్నా, పడీపడీ నవ్వినాడు. ఇప్పటికీ ఆ కొట్లో నా పేరు నక్కోనే.

ఇంకోటి, ఇక్కడ చానామంది పాకిస్తాన్ చేతిలో ఉన్న కశ్మీర్‌లోని మీర్పూర్ వైపు నుంచి వచ్చినోళ్లు, ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కాదు పహాడీ. జీలం నది మీద మంగ్లా డ్యామ్ 1967లో పూర్తయింది, పాత మీర్పూరూ చుట్టుపక్కల ఊర్లూ మునిగి దాదాపు లక్షమంది ఇండ్లు పోయినాయి, అందులో ఎంతోమంది ఇక్కడి ఉన్ని మిల్లులకి వచ్చినారు. నీళ్లు తగ్గితే పాత ఊరి గుడీ దర్గాలూ బయటపడతాయని అంకుల్ చెప్తుంటే, మాకూ సంగమేశ్వరం ఉంది, శ్రీశైలం నీళ్లు దిగితేనే గుడి కనపడేది అన్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ చనువుతో ప్లేటు సంగతి కక్కేసినా. ఉత్త ప్లేటు ఇవ్వకు అన్నాడు. మా అమ్మ కూడా అదే అనేది. సీసాలో అమ్మే నిమ్మరసంతో పులిహోర కలిపి తీసుకపోతే, పక్కింటి ఆంటీ ఆ పాత సంగతి ఎత్తనే లేదు. ఆ తర్వాత ఎన్ని డబ్బాలు వచ్చినాయో లెక్కలేదు, ఐస్‌క్రీమ్ డబ్బా అనుకొని తెరిస్తే పుదీనా చట్నీ.

నేను చేసిన ఇంకో వెధవ పని చెప్తా. పార్ట్ టైమ్ పనిలో వాళ్ల దేశం పేరు సగానికి కత్తిరించి అన్నా, మన దగ్గర క్రికెట్ చూస్తా అంటుంటామే అట్ల. సూపర్‌వైజరు పక్కకి పిలిచి కడిగేసినాడు. ఇక్కడ అది బూతు, ఒకప్పుడు తెల్లోళ్ల గుంపులు మన రంగున్న ఎవరినైనా సరే కొడతా అరిచిన మాట. నోట్లోంచి రానీయొద్దు. కశ్మీర్ సంగతీ ఎత్తొద్దు, క్రికెట్ అయితే పర్లేదు. 2011 మార్చి 30న మొహాలీలో ఇండియా, పాకిస్తాన్ వరల్డ్ కప్ సెమీఫైనల్ ఆ కొట్టు వెనక గదిలోనే చూసినా, పదిహేను మందిలో నేనొక్కడినే ఇండియా. మనం 29 పరుగులతో గెలిచినాం, మెల్లగా జారుకుందామనుకుంటే ఒకాయన సమోసా చేతిలో పెట్టి, సచిన్‌వి నాలుగు క్యాచులు వదిలేస్తే ఇంకేం గెలుస్తాం అని నాకే చెప్పుకొని ఏడ్చినాడు.

తిండి విషయంలో సిగ్గుపడకుండా అడుగు. చోటా గోష్త్ అంటే మేక, గొర్రె, బడా గోష్త్ అంటే ఆవు, ఎద్దు లాంటి పెద్ద పశువుల మాంసం, నిహారీ అనే మాంసం కూర ఎక్కువగా దాంతోనే చేస్తారు. తిననంటే ఎవరూ ఏమనుకోరు, పప్పో ఆలూనో వస్తుంది. రంజాన్‌లో పిలిస్తే పో, ఆ 2011లో ఆగస్టులో వచ్చింది, రాత్రి తొమ్మిది దాకా పొద్దుగూకదు, పకోడీలు ముందర పెట్టుకొని గడియారం చూసే పిల్లల మొహాలు చూడాల. పెండ్లికి పిలిస్తే మాత్రం కార్డులో ఆరు అనుంటే ఎనిమిదికి పో, నేను ఆరుకే పోయి కుర్చీలు వేసేవాళ్లకి సాయం చేసినా. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క ఉండొచ్చు. కవర్లో డబ్బులు పెట్టి ఇస్తారు, సలామీ అంటారు, కొన్నిండ్లల్లో ఎవరెంతిచ్చిందీ రాసుకుంటారు, అచ్చం మన చదివింపులే.

ఆంటీ కొన్నేండ్ల కిందట పోయింది. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిందే. నేను గిన్నె నిండా పులిహోర ఇచ్చి వచ్చినా, నలభయ్యో రోజు ఆ గిన్నె బిర్యానీతో తిరిగొచ్చింది.

అడ్వాన్స్ కట్టేసేయ్. కిటికీ ఏ వైపుందో మాత్రం ఓనర్ని అడుగు, ఉత్తరం వైపైతే చలికాలమంతా ఎండ పడదు, డిసెంబర్లో నాలుక్కే చీకటి.