రెండు రోజుల్లో కోనసీమ చూసి రాగలమా?

ప్రశ్న: మాది వరంగల్. డిగ్రీ ఫైనలియర్ స్టూడెంట్స్‌మి పద్దెనిమిది మందిమి, ఫిబ్రవరిలో రెండు రోజులు గోదావరి వైపు వెళ్ళి అక్కడి తిండి తినాలని, ఊళ్ళు చూడాలని అనుకుంటున్నాం. పాపికొండలు, ఆత్రేయపురం, దిండి, అంతర్వేది, యానాం, పులస కూర... లిస్టు పెరిగిపోతోంది. మా మేడమ్ ఇన్ని కుదరవంటున్నారు. మీరేమంటారండీ?

జవాబు: మీ మేడమ్ మాటే నా మాట కూడా అమ్మా. పాపికొండలు ఈసారికి వదిలేయండి, లాంచీకే ఒక రోజు పోతుంది. యానాం కూడా వద్దు. పులస అసలే దొరకదు. వరద నీళ్ళొచ్చాక సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే ఇలస చేపనే పులస అంటారు, అది వానాకాలం మాట. ఫిబ్రవరిలో ఎవరైనా పులస అని పెడితే నమ్మి డబ్బు పోసుకోకండి.

రాత్రి రైలెక్కండి. తెల్లవారుజామున కొవ్వూరు రాగానే అందర్నీ లేపేయండి, బ్రిడ్జి మీద నుంచి గోదావరిని చూడకుండా నిద్రపోతే నేను ఒప్పుకోను. రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం వెళ్ళండి. కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది, నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలేది అక్కడే, ఆ రెండిటి మధ్య నేలే కోనసీమ. బ్యారేజీ దాటితే ఆత్రేయపురం దగ్గరే.

అక్కడ షాపులో పూతరేకులు కొనుక్కుని బస్సెక్కేయకండి, రేకు తీసే ఇంటికి వెళ్ళండి. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి పాలు. వాటిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు, క్షణంలో ఆరిపోయి అవతలి చెయ్యి కనబడేంత పల్చటి రేకు లేచి వస్తుంది. పొద్దుటి నుంచి ఆ వేడి ముందు కూర్చునే ఆడవాళ్ళ పని అది. 2023లో ఈ పూతరేకులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఫోన్ తీసేముందు వాళ్ళనొక మాట అడగండి, అక్కడే నాలుగు పెట్టెలు కొనండి.

ఒక్క జాగ్రత్త, శనివారం మాత్రం పెట్టుకోవద్దు. ఏడు శనివారాల మొక్కుతో ఆత్రేయపురం దగ్గరే ఉన్న వాడపల్లి వెంకన్న గుడికి జనం పోటెత్తుతారు, కిందటేడు నేను తెలియక వెళ్ళి ఆ ట్రాఫిక్‌లోనే పూటంతా పోగొట్టుకున్నాను.

రెండోరోజు పొద్దున్నే అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి. పనసాకుల్ని బుట్టలా కుట్టి అందులో మినప్పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, వేడివేడిగా ఆకు విప్పుతుంటే వచ్చే వాసన ఏ ఇడ్లీకీ ఉండదు. మధ్యాహ్నం ఎక్కడ తిన్నా ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉందేమో అడగండి, లేత పనసకాయలు అప్పుడే మొదలవుతాయి. దారంతా కొబ్బరితోటలు, దాళ్వా (రెండో పంట) వరిచేలు, కాలవలు. సాయంత్రం అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోట కూర్చోండి. దిండి కుదిరితే సరే, లేకపోతే లేదు.

ప్రశ్న: ఇంట్లో నీళ్ళ భయంతో టెన్షన్ పడుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: వాళ్ళ భయం నిజమే. రేవులో మోకాలి లోతే కదా అని దిగితే రెండడుగుల అవతల ఇసక గుంట ఉండొచ్చు. ఊరివాళ్ళు వద్దన్నచోట దిగబోమని, పడవెక్కితే లైఫ్ జాకెట్ వేసుకుంటామని పద్దెనిమిది మందీ ముందే మాట ఇవ్వండి. మేడమ్ నంబరు అందరిళ్ళలో ఉండాలి.

అన్నట్టు, తిరుగు ప్రయాణంలో పూతరేకుల పెట్టెలు బ్యాగు అడుగున పెట్టకండి. ఒళ్ళో పెట్టుకునే తెచ్చుకోవాలి, లేకపోతే ఇంటికొచ్చేసరికి పొడే మిగులుతుంది.