అక్వేరియం నీళ్ళు పచ్చబడుతున్నాయి, ఎన్ని వాట్ల యూవీ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మూడడుగుల ట్యాంకు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చినా మూడో రోజుకే మళ్ళీ పచ్చగా అయిపోతున్నాయి, యూవీ స్టెరిలైజర్ (తన పక్క నుంచి పారే నీళ్ళలోని నాచుని అతినీలలోహిత కిరణాల లాంప్‌తో చంపే పరికరం) కొందామంటే 5 వాట్లా, 11 వాట్లా, 24 వాట్లా తేలడం లేదు. హైదరాబాద్‌లో మా హాల్లో ఉన్నది కూడా గోల్డ్‌ఫిష్ ట్యాంకే, సరిగ్గా ఇదే బాధ పడ్డాను, సరైనది కుదిరేసరికి మూడు ప్రయత్నాలు పట్టింది. మీకు అంత అవసరం రాకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

కొనేముందు ఒక పని చేయండి. గాజు గ్లాసులో ట్యాంకు నీళ్ళు తీసుకుని వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. గ్లాసులోని నీళ్ళే పచ్చగా ఉంటే అది నీళ్ళలో తేలుతూ పెరిగే నాచు, దానికి యూవీని మించింది లేదు. గ్లాసులో నీళ్ళు తేటగానే ఉండి ట్యాంకు అద్దాలకీ రాళ్ళకీ పాచి పట్టి ఉంటే మాత్రం యూవీ వల్ల ఏమీ కాదు, ఎందుకంటే తన పక్క నుంచి పారే నీళ్ళలో ఏముందో దాన్నే అది చంపగలదు. టీ రంగులో ఉంటే అది చెక్క ముక్కల నుంచి దిగిన రంగు, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (రంగు పీల్చే బొగ్గు) వేస్తే పోతుంది. కొత్త ట్యాంకులో పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే ఫిల్టర్ ఇంకా కుదురుకోలేదని అర్థం, కొన్నాళ్ళు ఆగాలి.

ఇక నా మొదటి ప్రయత్నం. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని, నేరుగా నీళ్ళలో ముంచేసే ట్యూబ్ తెప్పించాను. చుట్టూ కవర్ ఏమీ ఉండదు, లాంప్ బయటికే కనిపిస్తూ నీలంగా వెలుగుతుంది. ఒకరోజు సాయంత్రం అది పక్కకి ఒరిగిందని స్విచ్ ఆపకుండానే పైనుంచి వంగి సరిచేశాను, ఓ నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. అర్ధరాత్రి దాటాక రెండు కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు కారడం, తెరవలేకపోవడం. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తే వెల్డింగ్ చేసేవాళ్ళకి వచ్చేలాంటిదే అన్నారు, రెండు రోజులకి తగ్గింది. ఆ వెలుగు తగిలేది మనకొక్కళ్ళకే కాదు, ట్యాంకులో చేపలకి దాని నుంచి తప్పించుకునే చోటే ఉండదు, ప్లాస్టిక్ పైపులూ క్లిప్పులూ కూడా పెళుసెక్కిపోతాయి. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు. దయచేసి ఆ రకం కొనకండి, ఎంత తక్కువకి వచ్చినా సరే. లాంప్ మొత్తం మూసి ఉన్న గొట్టంలో ఉండాలి, నీళ్ళు ఒకవైపు నుంచి వచ్చి లాంప్ చుట్టూ తిరిగి రెండోవైపు పోవాలి, వెలుగు నేరుగా బయటికి రాకూడదు.

రెండోసారి అలాంటిదే, 9 వాట్లది తెచ్చాను. సరైన వస్తువే, బిగించడంలో తప్పు జరిగింది. ఫిల్టర్‌కి ఉన్న పెద్ద పంపుకే కలిపేశాను. రెండు వారాలు గడిచినా నీళ్ళు పచ్చగానే ఉన్నాయి, వెనకున్న రాయి కూడా కనిపించేది కాదు. ఇంకా ఎక్కువ వాట్లది తీసుకోమని షాపతను అన్నాడు. అది కొనడానికి మనసొప్పక, యూవీ నుంచి వచ్చే పైపుని 10 లీటర్ల బకెట్‌లో పెట్టి ఫోన్‌లో టైమ్ చూశాను. 40 సెకన్లలో నిండిపోయింది, అంటే గంటకి 900 లీటర్లు. పెనం మీద వేసిన దోసె వెంటనే తీసేస్తే కాలదు కదా, ఇదీ అంతే. నాచు లాంప్ పక్కన నిలిచే సమయమే లేదు.

ఫిల్టర్‌కున్న పంపు వేగం తగ్గిస్తే ఫిల్టర్ పని దెబ్బతింటుంది కాబట్టి దాన్ని వదిలేసి, యూవీకి మాత్రం విడిగా ఒక చిన్న పంపు పెట్టి, చెత్త వెళ్ళకుండా దాని మూతికి స్పాంజ్ తొడిగాను. డబ్బా మీద గంటకి 600 లీటర్లని ఉంది, పైపులు కలిపాక బకెట్ నిండడానికి 90 సెకన్లు పట్టింది, అంటే 400 లీటర్లు. మూడో రోజు సాయంత్రానికి వెనక రాయి అంచు మసగ్గా కనిపించింది. ఐదో రోజుకి నీళ్ళు అద్దంలా అయ్యాయి. అదే లాంప్, అవే 9 వాట్లు.

కాబట్టి మీ కొలతలకి, అంటే మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అయితే రాళ్ళూ ఖాళీ పోగా దాదాపు 160 లీటర్లు, నిదానంగా పోనిస్తే 9 లేదా 11 వాట్లు హాయిగా సరిపోతాయి. 24 వాట్లు అక్కర్లేదు, పైగా మన ఎండాకాలంలో నీళ్ళు అసలే వేడెక్కి ఉంటాయి, పెద్ద లాంప్ వేడి కూడా కలిస్తే గోల్డ్‌ఫిష్‌లకి ఇబ్బంది. కరెంటు గురించి టెన్షన్ పడకండి, 9 వాట్లది రాత్రింబవళ్ళు వెలిగినా నెలకి ఆరేడు యూనిట్లు, పంపుది విడిగా ఓ రెండు మూడు.

షాపులో మూడు విషయాలు అడగండి. లాంప్ యూవీ-సీ రకమేనా, అంటే దాదాపు 254 నానోమీటర్లు అని రాసి ఉందా (నీలం వెలుగిచ్చే మామూలు ఎల్ఈడీని కూడా యూవీ అని అంటగడుతున్నారు), లాంప్ చుట్టూ ఉన్నది క్వార్ట్జ్ గొట్టమేనా (మామూలు గాజు ఆ కిరణాలని ఆపేస్తుంది), ఇదే లాంప్ వచ్చే ఏడాది విడిగా దొరుకుతుందా. ఈ మూడోది తేలిగ్గా తీసుకోవద్దు. రోజంతా వెలిగితే ఏడాదికి 8,760 గంటలు, ఈ లాంపుల ఆయుష్షు కూడా ఇంచుమించు అంతే. ఆ తర్వాత నీలం వెలుగు వస్తూనే ఉంటుంది గానీ నాచుని చంపే బలం తగ్గిపోతుంది. నేను బిగించిన తేదీని గొట్టం మీద మార్కర్‌తో రాసిపెట్టుకున్నాను.

మీది బోరు నీళ్ళయితే క్వార్ట్జ్ మీద గీజర్ రాడ్‌కి పట్టినట్టు తెల్లటి పొర పడుతుంది. మేము మంజీరా నీళ్ళు చాలనప్పుడు బోరు కలుపుతాం, రెండు నెలలకోసారి ప్లగ్ పీకి, గొట్టం విప్పి, వెనిగర్‌లో నానబెట్టి మెత్తటి బట్టతో తుడుస్తాను.

చేపల వ్యర్థాల విషాన్ని తగ్గించే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందేమో అని కూడా అడిగారు. అది ఉండేది ఫిల్టర్ స్పాంజ్ మీద, రాళ్ళ మీద, నీళ్ళలో తేలేది చాలా తక్కువ, భయం లేదు. అయితే నాచు ఒక్కసారిగా చస్తే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, మొదటి వారం ఎయిర్ పంపు ఆపకండి, స్పాంజ్ త్వరగా పూడుకుపోతుంది కాబట్టి రెండు రోజులకోసారి ట్యాంకులో తీసిన నీళ్ళతోనే పిండండి, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో కడిగితే మాత్రం ఆ బ్యాక్టీరియా నిజంగానే పోతుంది.

తెల్ల మచ్చల జబ్బుకి యూవీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. చేప ఒంటి మీద ఉన్న మచ్చని అది తాకలేదు, నీళ్ళలో ఈదుతూ లాంప్ దాకా వచ్చిన ఆ జబ్బు పురుగులకే దెబ్బ. పోయిన చలికాలం కొత్త చేపని నేరుగా వదిలాను, యూవీ వెలుగుతుండగానే మిగతా వాటికీ అంటుకుంది, ఒకటి చనిపోయింది. మందు వేసిన రోజుల్లో యూవీ ఆపేయాలి, కొన్ని మందుల్ని ఆ కిరణాలు విరగ్గొడతాయి.

ఇంకొకటి, మీరు పెట్టిన ఫొటోలో మీ ట్యాంకు బాల్కనీ తలుపు పక్కనే ఉంది, పొద్దుటి ఎండ నేరుగా పడుతున్నట్టుంది. ముందు ఒక మందపాటి కర్టెన్ వేసి, మేత సగం చేసి వారం చూడండి. అప్పటికీ పచ్చదనం తగ్గకపోతే 9 వాట్లది తెచ్చి, బిగించిన రోజే బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో ఇక్కడ రాయండి, పంపు మార్చాలో లేదో చూసి చెప్తాను.