పట్టీ లావే లెక్క

ప్రశ్న: పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంటాను. యంత్రాలు అమ్మేవాళ్ల బ్రోచర్‌లో ఒక బొమ్మ చూశాను. ఎడమ పక్క లావుపాటి పట్టీ, కుడికి వచ్చేసరికి సన్నటి పాయలుగా చీలిపోయింది. మా మేనేజరుగారు ఫ్లో చార్టు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: కాదండీ. ఫ్లో చార్టులో పెట్టెలూ బాణాలూ పని జరిగే వరసను చెబుతాయి. గీత సన్నమైనా లావైనా అర్థం మారదు. మీరు చూసింది సాంకీ డయాగ్రమ్. ఇందులో పట్టీ వెడల్పే లెక్క. వంద కిలోల జీడిపిక్కలకు పది సెంటీమీటర్ల వెడల్పు ఇచ్చారనుకోండి, పప్పు పాయకు దక్కేది సుమారు రెండున్నర సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. మిగతాదంతా పెంకు, పొర, ఆరిపోయిన తడి. ఆ పప్పు మళ్లీ గుండ్లు, బద్దలు, ముక్కలుగా చీలుతుంది. ఎక్కడ కోసి చూసినా పాయలన్నీ కలిపితే మొదటి పట్టీ అంత రావాలి. రాలేదంటే బొమ్మ గీసినవాళ్లనైనా అనుమానించాలి, గోడౌన్‌నైనా!

1898లో కెప్టెన్ సాంకీ ఆవిరి యంత్రంలో వేడి ఎటెటు పోతోందో ఇలా గీసి చూపాడు. పేరు ఆయనదే గానీ, పద్ధతి అంతకు ముందే ఉంది. 1869లో ఫ్రెంచి ఇంజినీరు మినార్, 1812 నాటి నెపోలియన్ రష్యా దండయాత్రను గీశాడు. 4,22,000 మందితో బయల్దేరిన పట్టీ, తిరిగొచ్చేసరికి 10,000 మందితో పీలికలా మిగులుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన బొమ్మ అదే. పటం మీద గీసింది కాబట్టి దాన్ని ఫ్లో మ్యాప్ అనడం కూడా ఉంది.

మీ ఫ్యాక్టరీకి గీయాలనుకుంటే ఐదారు పాయలతో ఆపండి. ఎక్కువైతే మామూలు పట్టికే నయం.